ఒత్తు ఊడకుండా వినైల్ స్టిక్కర్ చేసుకోవడం ఎలా

గాజు తలుపు మీద 'నెట్టండి' అని అంటించాలి. ఇంట్లో కటింగ్ మెషిన్ ఉంది, వినైల్ చుట్ట ఉంది, ఇంకేం, పది నిమిషాల పని అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ సాయంత్రం గడిచేసరికి చుట్టలో సగం అయిపోయింది, తలుపు మాత్రం ఖాళీగానే ఉంది. మెషిన్ కోసేది నిజంగానే రెండు మూడు నిమిషాలు. దానికి ముందు పనీ, తర్వాత పనీ కుదరకపోతే ఆ రెండు నిమిషాలూ వృథా. పైగా మనం కోసేది తెలుగు. ఇంగ్లీషు అక్షరాలకి లేని చిక్కులు మన ఒత్తులకీ గుణింతాలకీ ఉన్నాయి. నేను చూసిన వీడియోల్లో వాటి ఊసే లేదు.

అందుకని ఈ ఒక్క మాటనే పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం. మీ దగ్గర ఉన్నది క్రికట్ అయినా, సిలూయెట్ కామియో అయినా, బ్రదర్ స్కాన్‌ఎన్‌కట్ అయినా పద్ధతి ఒకటే. మెనూల్లో పేర్లు మారతాయంతే.

ముందు సరైన వినైల్

వినైల్ అని రాసి ఉన్న ప్రతిదీ స్టిక్కర్‌కి పనికిరాదు. వెనక జిగురు ఉండి, మైనంలాంటి నున్నటి కాగితం మీద అతికి ఉండేది మనకి కావాలి. ఇస్త్రీ వేడితో బట్టల మీద అంటించేది వేరే ఉంది, దాన్ని హెచ్‌టీవీ అంటారు. దాని వెనక కాగితం ఉండదు, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. రెండూ చుట్టలుగా ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కొనేటప్పుడే గోటితో మూల లేపి చూడండి. వేలికి అంటుకుంటే మనది.

స్టిక్కర్ వినైల్‌లో మళ్ళీ రెండు: శాశ్వతంగా ఉండేది, తీసేయగలిగేది. ఒరాకల్ 651 మొదటి రకానికి బాగా వాడుకలో ఉన్న ఉదాహరణ. మందం సుమారు 63 మైక్రాన్లు, ఎండావానల్లో ఆరేళ్ళ దాకా నిలుస్తుందని తయారీదారులే చెబుతారు. రెండో రకానికి ఒరాకల్ 631: మెరుపు ఉండదు, కాస్త మందం, గోడల మీదకి బాగుంటుంది, తీస్తే జిగురు పెద్దగా మిగలదు. గాజు తలుపుకి 651 తీసుకోండి. ఈ రెండూ వేడి రోలర్ల మధ్య సాగదీసి పలచన చేసినవి. అందుకే ఏళ్ళు గడిచేకొద్దీ కొద్దిగా కుంచించుకుంటాయి, హెల్మెట్‌లాంటి అన్నివైపులా ఒంపు తిరిగిన వస్తువు మీద అంచులు లేస్తాయి. అలాంటి వాటికి 'కాస్ట్' వినైల్ కావాలి. ద్రవంగా పోసి ఆరబెట్టిన పొర అది, కుంచించుకోవడం చాలా తక్కువ.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను. ఇంట్లో లేజర్ కట్టర్ కూడా ఉందనుకోండి, ఈ పని దానితో చేయొద్దు. వినైల్ అంటే పీవీసీ. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులనీ తింటుంది, మెషిన్‌లోని లోహాన్నీ తింటుంది. బ్లేడ్‌తో కోయడమే క్షేమం.

అక్షరాలని ఒక్కటి చేయడం

నా సగం చుట్టని మింగింది ఈ అంకమే.

మెషిన్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు నేరుగా టైప్ చేస్తే ఒత్తు పక్కకి జారిపోవచ్చు, గుడి వేరే అక్షరం మీదకి పోవచ్చు. అక్కడ కుస్తీ పట్టే కంటే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో చేసుకోండి. అది ఉచితం, తెలుగుని సరిగ్గా కూరుస్తుంది. ఫాంట్ లావుగా ఉన్నది ఎంచుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే రామభద్ర శీర్షికల కోసం చేసిన ఫాంట్, స్టిక్కర్లకి దానంత అనువైనది నాకు కనబడలేదు. నోటో సాన్స్ తెలుగులో బోల్డ్ కూడా పరవాలేదు. పుస్తకాల్లో చదువుకోవడానికి చేసిన సన్నటి ఫాంట్లు స్క్రీన్ మీద ఎంత ముద్దొచ్చినా వదిలేయండి, కోశాక వెంట్రుకల్లా వేలాడతాయి.

మాట టైప్ చేశారు. ఇప్పుడు పాత్ మెనూలో 'ఆబ్జెక్ట్ టు పాత్' నొక్కండి. అక్షరం అక్షరంగా ఉండడం మానేసి గీతగా మారుతుంది. ఆ తర్వాత 'అన్‌గ్రూప్', మళ్ళీ అన్నిటినీ ఎంచుకుని 'యూనియన్'. ఈ యూనియన్ ఎందుకో తెలియాలంటే వ్యూ మెనూలోకి వెళ్ళి అవుట్‌లైన్ చూపుని ఆన్ చేసి, యూనియన్‌కి ముందూ తర్వాతా పోల్చి చూడండి. తెలుగు ఫాంట్లలో గుడి, కొమ్ము, ఒత్తు చాలాసార్లు విడివిడి ముక్కలు. అక్షరం మీద అవి కొంచెం ఎక్కి కూర్చుంటాయి. స్క్రీన్ మీద నలుపు మీద నలుపు పడితే మనకి ఏమీ కనబడదు. బ్లేడ్‌కి రంగుతో పనిలేదు, గీత ఎక్కడుంటే అక్కడ కోస్తుంది. యూనియన్ చేయకపోతే అక్షరం నడుమ నుంచి అడ్డంగా కోత పడుతుంది, గుడి ఊడి చేతిలోకి వస్తుంది. నేను నాలుగుసార్లు బ్లేడ్‌ని తిట్టాక గానీ తప్పు దానిది కాదని తెలియలేదు.

ఇప్పుడు ముక్కలు లెక్కపెట్టండి. 'నెట్టండి'లో ట కింది ఒత్తు చాలా ఫాంట్లలో విడిగా ఉంటుంది, సున్న విడిగా ఉంటుంది. అలాగే ప, స, హ లాంటి అక్షరాల తలకట్టు ఒంటికి తగలకుండా పైన నిలబడుతుంది. విడిగా ఉండడం తప్పేమీ కాదు, తర్వాత పైన అంటించే ట్రాన్స్‌ఫర్ టేప్ వాటిని వాటి చోటనే పట్టుకుంటుంది. చిన్నవి అయితేనే ప్రమాదం. థ కడుపులో చుక్క ఉంటుంది కదా, అది ఎగిరిపోతే 'కథ' కాస్తా 'కధ' అయి కూర్చుంటుంది. చూసినవాళ్ళు మీ మెషిన్‌ని అనరు, మీ తెలుగుని అంటారు. ఠ లో చుక్క పోయిందా, 'పాఠం' చెప్పబోయి 'పారం' చెప్పినట్టే. ఏ చుక్క అయినా, ఏ గీత అయినా రెండు మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే మాట మొత్తాన్ని పెద్దది చేయండి, లేదా ఆ చుక్కని మాత్రం లావు చేయండి. మొత్తం ముక్కలెన్నో ఒక చీటీ మీద రాసి పెట్టుకుంటే తర్వాత పనికొస్తుంది.

గాజుకి ఏ పక్క అంటిస్తున్నారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. బయటి నుంచి చదవాలి, అంటించేది లోపలి వైపు అంటే అద్దంలోలాగా తిప్పి కోయాలి. చదివే వైపే అంటిస్తుంటే తిప్పక్కర్లేదు. అటువైపు 'లాగండి' కూడా పెట్టాలనుకుంటే రెండిటినీ ఒకదాని వెనక ఒకటి పెట్టకండి. గాజులోంచి ఒకటి సూటిగా, ఒకటి తిరగబడి కనబడి రెండూ చదవలేని ముద్ద అవుతాయి. ఒకటి పైనా ఒకటి కిందా పెట్టండి. నేను మొదట 'నెట్టండి' ఒక్కటే పెట్టాను. లోపలివాళ్ళు దాన్ని తిరగేసి కూడబలుక్కుని మరీ చదివి, లాగాల్సిన తలుపుని నెట్టారు.

మాట చుట్టూ ఒక దీర్ఘచతురస్రం గీసి, దాన్ని కూడా కోతలో కలపండి. అనవసరమైన వినైల్ మొత్తం చుట్ట నుంచి కాకుండా ఆ పెట్టెలోంచే వస్తుంది, చాలా మిగులుతుంది. తర్వాత ఎస్‌వీజీ రకం ఫైల్‌గా సేవ్ చేసి మెషిన్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. అది ఎస్‌వీజీ తెరవనంటే డీఎక్స్‌ఎఫ్‌గా సేవ్ చేసి చూడండి. తెరిచాక కొలత సరిచూసుకోవడం మర్చిపోవద్దు, ఇంక్‌స్కేప్‌లో 20 సెంటీమీటర్లు పెట్టింది అక్కడ ఇంకో కొలతతో ప్రత్యక్షం కావచ్చు. క్రికట్ డిజైన్ స్పేస్‌లో అయితే ఇంకో గండం ఉంది. ముక్కలు వేరు వేరుగా ఉంటే వినైల్ ఆదా చేయాలన్న సదుద్దేశంతో వాటిని తనకి నచ్చినట్టు సర్దేస్తుంది. ఒత్తు ఒక మూల, సున్న ఇంకో మూల. అన్నిటినీ ఎంచుకుని 'అటాచ్' నొక్కితే ఎక్కడివక్కడే ఉంటాయి.

బ్లేడ్, మ్యాట్, పరీక్ష కోత

వినైల్ రంగు పైకి, కాగితం కిందకి ఉండేలా మ్యాట్ మీద, అంటే మెషిన్‌లోకి పంపే జిగురు పలక మీద పరిచి, మధ్య నుంచి అంచులకి చేత్తో నిమరండి. బుడగ ఉన్నచోట బ్లేడ్ తగిలితే వినైల్ చిరుగుతుంది. క్రికట్ మ్యాట్లలో ఆకుపచ్చది ఈ పనికి సరిపోతుంది. మరీ కొత్తదై పట్టు ఎక్కువగా ఉంటే నీలం రంగుది వాడండి.

ఇంటి మెషిన్లలో వినైల్‌కి వాడే మామూలు బ్లేడ్‌ని మోటారు తిప్పదు. కుర్చీ కింద చక్రంలాగా, లాగినవైపు తనంతట తాను తిరుగుతుంది. మొన సరిగ్గా ఇరుసు మధ్యలో కాకుండా ఒక పక్కకి ఉండడం వల్ల అది సాధ్యమవుతుంది. అందుకే మూల తిరిగేచోటా, తెలుగు అక్షరాల్లాంటి బిగుతైన ఒంపుల దగ్గరా దానికి కాస్త వ్యవధి కావాలి. వేగం తగ్గించే వీలు మీ మెషిన్‌లో ఉంటే తగ్గించండి. మామూలు 45 డిగ్రీల బ్లేడ్ చాలు.

మనం కోయాల్సింది వినైల్‌ని మాత్రమే, కింది కాగితాన్ని కాదు. కాగితం తెగితే స్టిక్కర్ తర్వాతి పనులన్నీ చెడతాయి. ఇది సాధించడానికి పరీక్ష కోత తప్ప వేరే దారి లేదు. చుట్ట మూలలో ఒక సెంటీమీటరు చతురస్రం, దాని లోపల ఒక చిన్న త్రికోణం కోయించండి. చతురస్రాన్ని లేపి చూడండి. త్రికోణం కాగితం మీదే నిలబడి, చుట్టూ ఉన్నది శుభ్రంగా వచ్చేస్తే సరే. త్రికోణం కూడా వెంట వచ్చేస్తే బ్లేడ్ నొక్కే ప్రెషర్ ఒక మెట్టు పెంచండి. ఆ తర్వాత కాగితాన్ని చూడండి: గోటితో గీసినట్టు సన్నటి గీత ఉండాలి. వెనక్కి తిప్పితే కోత కనబడిందంటే ప్రెషర్ గానీ, బ్లేడ్ లోతు గానీ ఎక్కువైంది. లోతుని చేత్తో పెట్టుకునే బ్లేడ్ అయితే మొన కంటికి అందీ అందనట్టు బయటికి ఉండాలి, అంతే.

ఒకే కంపెనీ వినైల్‌లో నలుపుకీ తెలుపుకీ కూడా ఒక మెట్టు తేడా వస్తుంటుంది. కుదిరిన అంకెని చుట్ట లోపలి అట్టగొట్టం మీద స్కెచ్ పెన్‌తో రాసిపెట్టండి. అయినా సరే, పరీక్ష కోత మానొద్దు, బ్లేడ్ నిన్నటికీ ఇవాళ్టికీ కొంత అరిగే ఉంటుంది. కోత అంచులు నూలు పోగుల్లా చిరిగితే ముందు బ్లేడ్ గూడు విప్పి చూడండి, వినైల్ తునక ఇరుక్కుని ఉండొచ్చు. బ్లేడ్‌ని అల్యూమినియం రేకు ఉండలో పొడిస్తే పదునెక్కుతుందని చాలామంది చెబుతారు. నా అనుభవంలో అంటుకున్న చెత్త పోతుంది తప్ప పదును రాదు.

అసలు కోత అయ్యాక తొందరపడి మ్యాట్ బయటికి తీయకండి. అది మెషిన్‌లో ఉండగానే వినైల్ ఏరడానికి వాడే సన్న మొన కొక్కెంతో ఒక మూల లేపి చూడండి. సరిగ్గా తెగలేదంటే మళ్ళీ ఒకసారి కోయించవచ్చు, అదే గీత మీద పోతుంది. మ్యాట్ బయటికి తీసి మళ్ళీ పెడితే ఆ గీత దొరకదు.

కలుపు తీత

అక్కర్లేని వినైల్‌ని ఏరేయడాన్ని ఈ పనిలో వీడింగ్ అంటారు. మన మాటలో చెప్పాలంటే కలుపు తీయడమే. ఇక్కడా నియమం అదే, కలుపు పీకుతూ పైరు పీకేయకూడదు.

ముందు మ్యాట్‌ని బోర్లించి, వినైల్‌ని బల్లకి ఆనించి ఉంచి మ్యాట్‌ని దాని మీద నుంచి వంచి తీయండి. వినైల్‌ని పైకి లాగితే అది చుట్టుకుపోయి, చిన్న ఒత్తులు అక్కడే లేస్తాయి.

సున్న మధ్యలోని ఖాళీలాంటి వాటిని ముందు తీసేయడం నాకు అలవాటు. చుట్టూ వినైల్ ఉన్నంతసేపు చెయ్యి ఆనినా అక్షరాలకి ఏమీ కాదు. ఆ తర్వాత బయటి పెట్టెని ఒక మూల నుంచి లేపి, పైకి కాకుండా వెనక్కి మడిచినట్టుగా, ఏటవాలుగా లాగండి. ఒత్తు దగ్గరికి వచ్చినప్పుడు ఆగండి. అది లేవబోతుంటే కొక్కెం మొనతో నొక్కి పట్టి చుట్టూ ఉన్నదాన్ని నెమ్మదిగా విడదీయండి. కొక్కెం లేకపోతే పిన్నీసు చాలు. ముదురు రంగు మీద కోతలు కనబడకపోతే, షీట్‌ని కిటికీ గాజుకి ఆనించి పట్టుకోండి. కాంతి కోతల్లోంచి సన్నగా కారుతుంది.

కోసిన రోజే ఈ పని ముగించండి. వారం తర్వాత చూద్దాంలే అని పక్కన పెడితే, జిగురు కోతల్లోకి మెల్లగా పారి మళ్ళీ అతుక్కుంటుంది. అంతా అయ్యాక చీటీ తీసి ముక్కలు లెక్కపెట్టండి. ఒకటి తగ్గిందంటే అది చెత్తలోనో మీ చొక్కా మోచేతికో ఉంటుంది.

టేప్ మీదకి ఎక్కించడం

ట్రాన్స్‌ఫర్ టేప్ పని ఏమిటంటే, ముక్కలన్నిటినీ ఉన్నచోటు నుంచి కదలకుండా కాగితం మీద నుంచి గాజు మీదకి మోసుకెళ్ళడం. మాట కంటే అన్నివైపులా రెండు సెంటీమీటర్లు పెద్దగా కత్తిరించండి. రెండు అంచులూ పట్టుకుని మధ్యభాగం ముందు ఆనేలా దించి, అటూ ఇటూ వదలండి. పాత ఏటీఎం కార్డు ఏదైనా తీసుకుని గట్టిగా రుద్దండి, ఒత్తుల దగ్గర ఇంకాస్త గట్టిగా. తర్వాత మొత్తం బోర్లించి వెనక కూడా రుద్దండి.

కాగితాన్ని ఇప్పుడే ఒలిచేయకండి, అది గాజు దగ్గర సగం సగంగా చేసే పని. ఒలిచే పద్ధతి మాత్రం ఇక్కడే చెబుతాను. అందరూ చేసే పొరపాటు: టేప్‌ని కాగితం నుంచి లేపడం. బోర్లించే ఉంచి, కాగితాన్నే టేప్ నుంచి తీయాలి. కాగితాన్ని దాదాపు వెనక్కి మడిచేసి, టేప్‌కి సమాంతరంగా లాగుతూ పోండి. ఏ ముక్క అయినా కాగితంతో వచ్చేస్తుంటే కాగితాన్ని మళ్ళీ వెనక్కి పరిచి, అక్కడ రుద్ది, ఇంకోసారి తీయండి. ఓపికే మందు. టేప్ పట్టు మరీ ఎక్కువైతే తర్వాత గాజు మీద అక్షరాలని వదలదు. అందుకని వాడేముందు దాన్ని శుభ్రమైన ప్యాంటు గుడ్డకి రెండుసార్లు అంటించి తీస్తే పట్టు తగ్గుతుంది. మెరుపు పొడి ఉన్న వినైల్‌కి మాత్రం గట్టి పట్టు టేపే కావాలి, మామూలుది ఆ గరుకు మీద నిలవదు.

గాజు మీదకి

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. గాజు తుడిచే ద్రవాలు వద్దు, వాటిలో కొన్ని కంటికి కనబడని పొర వదిలివెళతాయి. గాజు మరీ చల్లగా ఉన్నా జిగురు పట్టదు, పది డిగ్రీల కంటే వెచ్చగా ఉండాలి.

చోటు సరిగ్గా కుదరడానికి మడతబందు పద్ధతి వాడండి. కాగితం ఇంకా తీయకముందే స్టిక్కర్‌ని తలుపు మీద పెట్టి, కొలత టేపుతో కొలిచి, సమంగా ఉందని తేలాక మధ్యలో నిలువుగా మాస్కింగ్ టేప్ ఒక పట్టీ వేయండి. ఇప్పుడు అది తలుపు బందులాగా పట్టుకుంటుంది. ఒక సగాన్ని దాని మీద మడిచి, ఆ సగం వెనక కాగితాన్ని ఒలిచి, కత్తిరించి పారేయండి. ఆ సగాన్ని మధ్య నుంచి అంచుకి కార్డుతో నొక్కుతూ దించండి. మాస్కింగ్ టేప్ తీసేసి రెండో సగం అలాగే. మొత్తం ఒకేసారి ఒలిచి, రెండు చేతులతో గాలిలో ఊపుకుంటూ తెచ్చి అంటించేవాళ్ళ స్టిక్కర్లు ఎప్పుడూ వంకరగానే ఉంటాయి. మొదటిది నాదీ అంతే.

రెండు చేతులకి అందనంత పెద్దదైతే తడి పద్ధతి మేలు. అర లీటరు నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం రెండు చుక్కలు వేసి గాజు మీద చల్లితే స్టిక్కర్ జారుతుంది, చోటు సర్దుకోవచ్చు. తర్వాత నీటిని కార్డుతో బయటికి తోసేయాలి. ఆరడానికి గంటలు పడుతుంది, అప్పటిదాకా టేప్ తీయకూడదు. చిన్న మాటలకి ఈ తంటా అక్కర్లేదు.

చివరగా టేప్. గాజుకి ఆనుకునేలా వెనక్కి మడిచి, నింపాదిగా తీయండి. అక్షరం లేస్తే ఆపి, నొక్కి, కోణం మార్చి మళ్ళీ లాగండి. శాశ్వత రకం జిగురు పూర్తిగా పట్టడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, ఆ లోపల నీళ్ళు తగలనివ్వొద్దు.

గాజు కాకుండా వేరే చోటైతే కొన్ని తేడాలు. కొత్తగా రంగు వేసిన గోడకి మూడు నాలుగు వారాలు ఆగండి, లేకపోతే స్టిక్కర్‌తోపాటు రంగు కూడా వస్తుంది. గరుకు గోడకి అసలు ప్రయత్నించకండి. కింద సన్నగా పైన వెడల్పుగా ఉండే కప్పు మీద మాట నవ్వుతున్న మూతిలా ఒంగుతుంది. టేప్‌ని అక్షరాల మధ్య నిలువుగా కత్తెరతో చీల్చి, ఒక్కో అక్షరాన్నీ సర్దుకుంటూ నొక్కితే సూటిగా వస్తుంది. పెదవి తగిలే అంచు దగ్గర వినైల్ పెట్టొద్దు. అలాంటి కప్పుని చేత్తోనే కడగాలి.

తీసేయాల్సి వస్తే

హెయిర్ డ్రయర్‌తో అక్షరాన్ని వెచ్చబెట్టి, మూల లేపి, గాజుకి దగ్గరగా వెనక్కి మడిచి లాగండి. వేడి చల్లారితే వినైల్ తునకలుగా తెగుతుంది కాబట్టి డ్రయర్ చేతిలోనే ఉంచుకోండి. మిగిలిన జిగురు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డని రెండు నిమిషాలు కప్పి ఉంచితే మెత్తబడుతుంది. గాజు మీదైతే ఆ తర్వాత గీకుడు బ్లేడ్‌తో తీసేయవచ్చు. రంగు వేసిన దాని మీదా, ప్లాస్టిక్ మీదా బ్లేడ్ వద్దు, వేలితో ఉండలు చుట్టి తీయడమే.